శిశువిద్య (నెల్లూరు తీరప్రాంతము)

శిశువిద్య అనగా మూడు నుండి ఆరు సంవత్సరాల వయసు గల పిల్లలకు, ఒకటవ తరగతిలో చేరకముందు, ఆటపాటల ద్వారా లభించే విద్య. దీనిని పూర్వ ప్రాథమిక విద్య అని కూడా అంటారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములోని నెల్లూరు తీరప్రాంతములో ఈ విద్య ప్రధానంగా అంగన్‌వాడీ కేంద్రాలలో జరుగుతుంది. సంవత్సరములో వసంతఋతువు ఈ విద్యకు కీలకమైన కాలము. ఉగాది, పెన్నా డెల్టాలో వరికోతలు, సముద్రములో చేపలవేట నిషేధము, పెద్దపిల్లలు ఒకటవ తరగతికి సిద్ధమగుట, ఇవన్నీ మార్చి నుండి జూన్ మధ్యలో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పిల్లవాడు సంవత్సరమంతా నేర్చినది నిలిచేదీ, చెదిరిపోయేదీ చాలవరకు ఈ నెలలలోనే తేలుతుంది.

పేరు

జర్మనీ దేశస్థుడైన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782 - 1852) 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అను ఊరిలో చిన్నపిల్లల కొరకు ఒక సంస్థను ఆరంభించి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. జర్మన్ భాషలో ఈ మాటకు 'పిల్లల తోట' అని అర్థము. అంగన్‌వాడీ అను మాటలో 'అంగన్' అనగా ముంగిలి, 'వాడి' అనగా తోట లేక ఆవరణ. అనగా రెండు పేర్లలోనూ తోట ఉన్నది. మొక్కను లాగి పెంచలేము, నీరు, ఎండ అందేటట్లు చూడగలము అనే భావనే రెండింటికీ మూలము.

భారతదేశములో గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరాన్ని స్థాపించాడు. ఆయనతో కలసి పనిచేసిన తారాబాయి మోదక్, తరువాత ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్, మహారాష్ట్రలోని ఠాణా జిల్లాలో పేద పిల్లల ముంగిళ్ళకే బడిని తీసికొని వెళ్ళారు. బాలవాడి, అంగన్‌వాడీ అను మాటలు వ్యాప్తిలోనికి రావడానికి వీరి కృషి ముఖ్య కారణము.

చరిత్ర

వీధిబడి

పూర్వము తెలుగునాట చిన్నపిల్లల చదువు వీధిబడిలో ఆరంభమయ్యేది. పంతులుగారి అరుగు మీదనో, చావడిలోనో పిల్లలు కూర్చుని, ఎదుట పరచిన ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దేవారు. నోటితో అక్షరమును పలుకుతూ వ్రేలితో దాని ఆకారమును గీయడము ఈ పద్ధతిలోని విశేషము. తప్పు పోతే అరచేతితో చెరిపివేసి మరల వ్రాయవచ్చును. ఖర్చు లేదు, భయము లేదు.

ఈ ఇసుక వ్రాత దేశాంతరము కూడా వెళ్ళినది. 18వ శతాబ్దపు చివరిలో మద్రాసులోని ఎగ్మూరు వద్ద అనాథ బాలుర ఆశ్రమమును నిర్వహించిన ఆండ్రూ బెల్, స్థానిక పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రాయడము చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టాడు. ఆయన దీనిని గురించి 1797లో లండన్‌లో పుస్తకము ప్రచురించిన పిమ్మట అది 'మద్రాసు పద్ధతి'గా ఇంగ్లండులో ప్రసిద్ధి పొందినది. అయితే వీధిబడి అందరిదీ కాదు. ఆడపిల్లలు, బెస్తపాలెముల పిల్లలు, దళితుల, యానాదుల పిల్లలు చాలావరకు ఆ అరుగుకు దూరముగానే ఉండిపోయారు.

ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరీ 1907లో రోము నగరములో తన మొదటి బాలల గృహమును తెరిచినది. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. రెండవ ప్రపంచయుద్ధము వలన 1946 వరకు భారతదేశములోనే ఉండిపోయినది. నెల్లూరు జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రములోని భాగమే (1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రములో చేరినది). గరుకు కాగితముతో చేసిన అక్షరాలను వ్రేలితో తడిమించి నేర్పడము ఆమె పద్ధతిలోని ప్రసిద్ధమైన అంశము. వీధిబడి ఇసుకకూ ఈ గరుకు అక్షరాలకూ పోలిక స్పష్టముగా కనబడుతుంది.

అంగన్‌వాడీ

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2న దేశములోని 33 ప్రాజెక్టులలో ప్రయోగాత్మకముగా ప్రారంభమైనది. ఈ పథకములో ఆరు సేవలు ఉన్నవి: అనుబంధ పోషకాహారము, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పై ఆసుపత్రులకు పంపుట, తల్లులకు పోషణ - ఆరోగ్య విద్య. ఈ సేవలు గ్రామములో అంగన్‌వాడీ కేంద్రము ద్వారా అందుతాయి. కేంద్రములో ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉంటారు. పిల్లలు సాధారణముగా కార్యకర్తను 'టీచరు' అనీ, సహాయకురాలిని 'ఆయా' అనీ పిలుస్తారు.

2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ ద్వారా, ఆరు సంవత్సరాలు నిండే వరకు పిల్లల సంరక్షణకు, విద్యకు రాజ్యము కృషి చేయవలెనని 45వ అధికరణములో చేర్చబడినది. కనీసము 40 మంది ఆరేళ్ళలోపు పిల్లలున్న నివాస ప్రాంతము కోరినచో అంగన్‌వాడీ కేంద్రము ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న తీర్పు చెప్పినది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ఈ వయసు పిల్లలకు రోజుకు 500 కిలో కాలరీల శక్తి, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు గల ఆహారము అందవలెనని మొదట నిర్దేశించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు నుండి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా గుర్తించినది. దానికి అనుగుణముగా జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము 2022 అక్టోబరులో విడుదలైనది.

తీరప్రాంతము, వసంతఋతువు

అవిభక్త నెల్లూరు జిల్లా సముద్రతీరము సుమారు 169 కిలోమీటర్లు. ఉత్తరమున కావలి, బోగోలు, అల్లూరు మండలముల నుండి విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలముల మీదుగా దక్షిణమున పులికాట్ సరస్సు వరకు ఇది సాగుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినపుడు పులికాట్ వైపు మండలాలు కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినవి. పెన్నానది ఊటుకూరు సమీపములో సముద్రములో కలుస్తుంది.

ఇక్కడ వర్షము ఎక్కువగా అక్టోబరు - డిసెంబరు నెలల ఈశాన్య ఋతుపవనముల వలన కురుస్తుంది. తుఫానుల భయమున్నదీ ఆ నెలలలోనే. అందువలన మకర సంక్రాంతి తరువాత కేంద్రములు ఎక్కువ ఆటంకము లేకుండా నడుస్తాయి. చైత్ర వైశాఖములు వసంతఋతువు. వేప, కానుగ చెట్లు పూస్తాయి. మామిడి పిందె కాయ అవుతుంది. తాటిచెట్లకు ముంజలు దిగుతాయి. ఇసుక దిబ్బల మీద సరుగుడు తోపులలో దక్షిణపు గాలి హోరుమంటుంది. మధ్యాహ్నపు ఎండ తీవ్రమవుతుంది గనుక ఆటలూ ఆరుబయటి పాఠాలూ ఉదయపు పూటకే పరిమితమవుతాయి.

పిల్లలు నేర్చుకొనే విషయాలు

భాష

ఈ వయసులో భాష అనగా మొదట వినడము, మాట్లాడడము. వసంతమునకు వచ్చేసరికి, జూన్‌లో చేరినప్పుడు నోరు విప్పని పిల్లవాడు కూడా తన పేరు, ఊరి పేరు చెప్పి, నిన్న ఏమి జరిగినదో నాలుగు మాటలలో వివరించగలగాలి. 'నిన్న', 'రేపు' అను మాటలను తారుమారు చేయకుండా వాడగలగడము ఈ దశలో పెద్ద విజయమే.

తెలుగు లిపిలో ఒక్కొక్క అక్షరము ఒక పలుకును సూచిస్తుంది. కాబట్టి మాటను పలుకులుగా విడదీయగల పిల్లలకు తరువాత చదవడము సులభము. దీనికి చప్పట్ల ఆట ఉపయోగపడుతుంది. 'పడవ' అనుటకు మూడు చప్పట్లు, 'వల' అనుటకు రెండు, 'రొయ్య' అనుటకు రెండు. పలక అవసరము లేకయే ఇది చదువునకు పునాది వేస్తుంది.

ఇంటి మాటకూ పుస్తకపు మాటకూ ఉన్న తేడా కూడా ఇక్కడే ఎదురవుతుంది. పుస్తకములో 'పీత' అని ఉన్నదానిని పిల్లవాడు 'ఎండ్రకాయ' అంటాడు. పుస్తకములోని 'రాజహంస'ను పులికాట్ ప్రాంతములో 'సముద్రపు రామచిలుక' అంటారు. తడ వైపు గ్రామాలలో తెలుగు, తమిళము కలిసిన మాట వినబడుతుంది. ఇంటి మాట తప్పు అని చెప్పినచో పిల్లవాడు మౌనము వహిస్తాడు. రెండు మాటలనూ పక్కపక్కన ఉంచినచో అతనికి రెండూ వస్తాయి.

వ్రాతకు ముందు

మూడు నాలుగేళ్ళ పిల్లల వ్రేళ్ళ కండరాలు పెన్సిలు పట్టి గంటల కొలది వ్రాయుటకు అనువుగా ఉండవు. బంకమట్టి పిసకడము, పూలు గుచ్చడము, చింతపిక్కలు ఏరడము, తాటాకు మడచి గాలిపంకా చేయడము మొదలగు పనులు వ్రేళ్ళకు పట్టునిస్తాయి. తీరప్రాంతములో ఇసుకకు కొదువ లేదు. తడి ఇసుకలో గీతలు, అలలు, సున్నలు గీయడము పిల్లలకు ఇష్టమైన ఆట. తెలుగు అక్షరాలలో చాలా వాటికి వర్తులాకారమే ఆధారము. సున్న గీయడము కుదిరిన చేతికి 'ర', 'ఠ', 'ద' వంటి అక్షరాలు కష్టము కావు. అందుచేత సున్నను తిన్నగా ముగించడము వచ్చిన పిల్లవాడు అక్షరము వ్రాయకపోయినా వ్రాతకు సిద్ధముగా ఉన్నట్లే.

లెక్కలు

ఫ్రోబెల్ తన బడిలో పిల్లలకు ఆరు రంగుల ఊలు బంతులను, తరువాత కొయ్యతో చేసిన గోళము, స్తూపము, ఘనము అను ఆకారాలను ఆటవస్తువులుగా ఇచ్చేవాడు. సముద్రతీరపు పిల్లలకు ఇటువంటి వస్తువులు ఒడ్డునే దొరుకుతాయి. గవ్వలు, ఆల్చిప్పలు, సరుగుడు కాయలు, తాటి టెంకలు ఏరి తెచ్చి వాటిని రంగును బట్టి, ఆకారమును బట్టి వేరు చేయడము మొదటి మెట్టు. చిన్నదాని నుండి పెద్దదానికి వరుసగా పేర్చడము రెండవ మెట్టు. ఒక్కొక్క గవ్వను ముట్టుకొని ఒక్కొక్క అంకె పలకడము మూడవది.

ఒకటి నుండి ఇరవై వరకు గడగడ అప్పజెప్పే పిల్లవాడిని 'ఐదు గవ్వలు ఇవ్వు' అని అడిగినపుడు గుప్పెడు ఇవ్వడము తరచుగా చూడవచ్చును. అంకెల వరుస కంఠస్థమగుట వేరు, పరిమాణము తెలియుట వేరు. వసంతములో ఈ రెండవది కుదిరినదా లేదా అని చూచుకొనవలెను. ముంజలు తినేటప్పుడు కాయకు ఎన్ని కన్నులున్నవో లెక్కించుట, తిన్న తరువాత ఆ తాటికాయలకు పుల్ల గుచ్చి బండి చేయుట కూడా లెక్కల పాఠములే. చక్రము దొర్లుతుంది, పెంకు దొర్లదు అని పిల్లవాడు స్వయముగా తెలుసుకొంటాడు.

ఇంద్రియజ్ఞానము - ఉగాది పచ్చడి

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు వచ్చే ఉగాది, పంచేంద్రియముల పాఠమునకు మంచి అవకాశము. పచ్చడిలో బెల్లము తీపి, చింతపండు పులుపు, ఉప్పు, వేపపువ్వు చేదు, మిరియము లేక మిరపకాయ కారము, మామిడిపిందె వగరు. పచ్చడి కలపడానికి ముందు ఒక్కొక్కటి విడివిడిగా నాలుక మీద పెట్టి, రుచి పేరు చెప్పించినచో ఆరు మాటలు అనుభవముతో సహా వస్తాయి. వీటిలో ఉప్పు తీరప్రాంతపు సొంత పంట. అల్లూరు మండలము ఇసకపల్లి ప్రాంతములో ఉప్పుమళ్ళు ఉన్నవి. ఎండలు ముదిరే ఈ కాలములోనే మళ్ళలో ఉప్పు తయారవుతుంది. సముద్రపు నీరు ఎండి ఉప్పు మిగలడము ఆ పిల్లలకు కంటి ఎదుటి విషయము. పళ్ళెములో ఉప్పునీరు ఎండబెట్టి మిగిలిన పొరను చూపించినచో తక్కిన ఊళ్ళ పిల్లలకు కూడా అది అర్థమవుతుంది.

ప్రకృతి

శీతాకాలములో పులికాట్ సరస్సుకు వచ్చిన రాజహంసలలో చాలాభాగము ఎండలు ముదిరి నీరు తగ్గగానే వెళ్ళిపోతాయి. దొరవారిసత్రము మండలములోని నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రములో గూడబాతులు (పెలికాన్లు) నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. మార్చి నాటికి పిల్లలు ఎగరడము నేర్చుకొంటాయి. పక్షులు ఎందుకు వచ్చినవి, ఎందుకు పోయినవి అను ప్రశ్నకు 'నీరు, చేపలు ఉన్నవి గనుక వచ్చినవి' అని సమాధానము చెప్పగలిగిన పిల్లవాడు కార్యకారణ సంబంధమును గ్రహించినట్లే.

ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్ళు జనవరి నుండి మార్చి వరకు ఇసుకలో గ్రుడ్లు పెడతాయి. 45 నుండి 60 రోజులకు పిల్లలు బయటకు వచ్చి నీటివైపు పాకుతాయి. వీటిని చూడవచ్చును గాని పట్టుకొనరాదు, గ్రుడ్లు తవ్వరాదు అని చిన్ననాడే తెలియడము మంచిది. తీరములో పెరిగే బాలబంద తీగ ఇసుకను కదలకుండా పట్టి ఉంచుతుందని కూడా ఈ వయసులోనే చూపించవచ్చును.

నడవడి, ఆరోగ్యము

తినబోయే ముందు చేతులు కడుగుకొనుట, వరుసలో నిలుచుట, ఒకరు మాట్లాడునపుడు మరొకరు వినుట, ఆటలో ఓడినపుడు ఏడ్వకుండుట ఇవన్నీ పాఠములే. చెమ్మచెక్క, దాగుడుమూతలు, ఒప్పులకుప్ప వంటి ఆటలలో 'వంతు' అనే భావము కుదురుతుంది. తీరగ్రామాలలో మరొక ముఖ్యమైన పాఠము ఉన్నది. పెద్దలు వెంట లేనిదే నీటిలో దిగరాదు. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరమును తాకినది. సముద్రము అకస్మాత్తుగా వెనుకకు పోయినచో చూడడానికి ముందుకు వెళ్ళక, ఎత్తైన చోటికి పరుగెత్తవలెనని పిల్లలకు ఆటగా నేర్పడము అవసరము.

వేట నిషేధ కాలము

చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వాటి సంతతిని కాపాడుటకు తూర్పుతీరములో ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, యంత్రపు పడవలతో, మోటారు పడవలతో వేట నిషేధించబడుతుంది. యంత్రము లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉన్నది. ఈ రెండు నెలలు మత్స్యకార కుటుంబాలలో తండ్రులు ఒడ్డుననే ఉండి వలలు అల్లుకొంటూ, పడవలు బాగుచేసుకొంటూ ఉంటారు. ప్రభుత్వము నిషేధకాలపు భృతి ఇస్తున్నప్పటికీ ఇంటిలో ఆదాయము తగ్గుతుంది. అంగన్‌వాడీలో లభించే అన్నము, పప్పు, గ్రుడ్డు, పాలు ఈ కాలములో పిల్లలకు మరింత అవసరము.

మిగిలిన కాలములో తెల్లవారకముందే సముద్రము మీదకు వెళ్ళే తండ్రి ఈ రోజులలో ఇంటిలో ఉండడము శిశువిద్యకు ఒక అవకాశము కూడా. వల కన్నుల కొలత, ముడి వేసే తీరు, వంజరము, చందువ, నెత్తళ్ళు, కానాగంతలు వంటి చేపల పేర్లు, గాలి ఎటునుండి వీచుచున్నదో తెలుసుకొనుట మొదలైన విషయాలలో తండ్రిని మించిన గురువు లేడు. చదువురాని తండ్రి తన బిడ్డకు నేర్పగలది ఏమీ లేదను అభిప్రాయము సరికాదు. అతనిని ఒకరోజు కేంద్రమునకు పిలిచి పిల్లలకు ముడి వేయుట చూపించమన్నచో, బిడ్డ దృష్టిలో ఇల్లు, బడి రెండూ ఒకే లోకమవుతాయి.

హాజరు, వలసలు

పెన్నా డెల్టాలో ముఖ్యమైన వరిపంట వసంతములో కోతకు వస్తుంది. వ్యవసాయ కూలీల కుటుంబాలు తెల్లవారుజామున పొలమునకు వెళ్ళినపుడు ఐదేళ్ళ పిల్ల, చంటిబిడ్డను చూచుకొనుటకు ఇంటిలో ఉండిపోతుంది. ఆమెతో పాటు చంటిబిడ్డను కూడా కేంద్రమునకు రానిస్తేనే ఆమె చదువు సాగుతుంది.

యానాదులు నెల్లూరు జిల్లాలోని షెడ్యూల్డు తెగలలో సంఖ్యాపరంగా పెద్దవారు. వీరి సంక్షేమము కొరకు వెన్నెలకంటి రాఘవయ్య (పద్మభూషణ్, 1973) దశాబ్దాలపాటు కృషి చేశాడు. వారిలో చాలామంది రొయ్యల చెరువుల, తోటల కాపలాకు, సరుగుడు నరకడానికి, కాలువలలో చేపలు పట్టడానికి కుటుంబముతో సహా తరలిపోతుంటారు. అటువంటప్పుడు పిల్లవాని పేరు ఒక కేంద్రములో, పిల్లవాడు మరొక ఊరి చెరువుగట్టున ఉంటారు. రెండు నెలలు దూరమైన నాలుగేళ్ళ పిల్లవాడు తిరిగి వచ్చునప్పటికి పాటలు మరచి, తోటివారికి వెనుకబడి, గోడ పక్కన నిలబడతాడు. ఆహారమునకు, టీకాలకు వలస వచ్చిన పిల్లలను చేర్చుకొన్నట్లే ఆటపాటలకు కూడా వెళ్ళిన ఊరి కేంద్రములో చేర్చుకొనుట దీనికి సులభమైన మార్గము.

కొంత ఆదాయము గల తల్లిదండ్రులు పిల్లలను మూడవ ఏటనే కావలి, నెల్లూరు, గూడూరు వంటి పట్టణముల ఆంగ్లమాధ్యమ పాఠశాలలకు పంపుతారు. అచ్చట ఎల్‌కేజీలోనే పుస్తకము, పరీక్ష ఉంటాయి గనుక ఆటలాడించే అంగన్‌వాడీని 'అన్నము పెట్టే చోటు'గా మాత్రమే చూచేవారు ఉన్నారు. కార్యకర్తకు బరువులు తూచుట, సర్వేలు, రికార్డులు, మొబైలు యాప్‌లో నమోదు మొదలైన పనులు ఉండుట వలన ఆటపాటలకు దొరికే సమయము తగ్గుతున్నది. ఫలితముగా కొన్నిచోట్ల పిల్లలచేత అక్షరాలు బిగ్గరగా వల్లె వేయించుటయే విద్యగా మిగులుతున్నది. తల్లిదండ్రులు కోరునదీ అదే గనుక దానిని మార్చుట కష్టము.

ఒకటవ తరగతికి

రాష్ట్రములో పాఠశాలలు ఏప్రిల్ చివరలో మూతపడి సాధారణముగా జూన్ రెండవ వారములో తెరుస్తారు. అనగా పిల్లవాడు ఒకటవ తరగతిలో అడుగుపెట్టు రోజులూ, నిషేధము ముగిసి పడవలు తిరిగి సముద్రము మీదకు వెళ్ళు రోజులూ దాదాపు ఒకటే. ఇంటిలో హడావిడి ఎక్కువగా ఉండే ఆ వారములో పిల్లవాని వెంట బడికి వెళ్ళేవారు ఉండకపోవచ్చును. అందువలన వసంతములోనే, ప్రాథమిక పాఠశాల పనిచేయుచుండగానే, పెద్దపిల్లలను ఒకటి రెండు సార్లు అచ్చటికి తీసికొని వెళ్ళి ఆ గదిని, ఆ ఉపాధ్యాయుని, త్రాగునీటి కుళాయిని, మరుగుదొడ్డిని చూపించుట మంచి పద్ధతి.

ఒకటవ తరగతికి వెళ్ళు పిల్లవానికి ఎన్ని అక్షరాలు వచ్చును అనునది అతని సిద్ధతకు అసలైన కొలత కాదు. తన మాట తాను చెప్పగలగాలి. చెప్పిన కథను వరుసగా తిరిగి చెప్పగలగాలి. ఐదు గవ్వలు అడిగితే ఐదే ఇవ్వాలి. ఇసుకలో సున్న చుట్టగలగాలి. అమ్మ కనబడకపోయినా సాయంత్రము వస్తుందని నమ్మి కూర్చోగలగాలి. ఇవి ఉన్న పిల్లవానికి అక్షరాలు కొద్ది నెలలలో వస్తాయి. ఇవి లేకుండా యాభైయారు అక్షరాలూ అప్పజెప్పగల పిల్లవాడు వాటితో ఏమి చేయవలెనో తెలియక చాలాకాలము ఇబ్బంది పడతాడు.

ఇవి కూడా చూడండి

అంగన్‌వాడీ
అక్షరాభ్యాసము
ఉగాది
నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రము
పులికాట్ సరస్సు
యానాదులు
వీధిబడి